అరిగిన దవడపళ్ళు

మా ఆయన దవడపళ్ళన్నీ అరిగి చదునైపోయాయి. తొడుగులు వేయించడానికి నేనే తీసుకువెళ్ళవలసి వచ్చింది. నలభై ఏళ్ళలో దేనికీ నోరు విప్పని మనిషి, పంటి నొప్పిని మాత్రం తానుగా చెప్పుకుంటాడా?

వయస్సు, జబ్బులు, వాడే మందులు, డాక్టరమ్మ అడిగినవన్నీ నేనే చెప్పాను. ఆయన గోడమీది పళ్ళ బొమ్మను చూస్తూ కూర్చున్నారు.

"నిద్రలో పళ్ళు కొరుకుతారా, బాబాయిగారూ? కోపం దిగమింగుకునేవాళ్ళకి ఒక్కోసారి ఇలాగే అరిగిపోతాయి," అంది డాక్టరమ్మ.

నాకు నవ్వు వచ్చింది. "ఈయనకు కోపమా? అంత పౌరుషమే ఉంటే నాకీ చాకిరీ ఎందుకమ్మా!"

ఆయన ఆమెతో ఏదో గొణిగారు.

"పిన్నిగారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

అరగంట కూర్చున్నాను. తలుపు అవతల మా ఆయన గొంతు ఆగకుండా వినబడుతూనే ఉంది. డాక్టరమ్మ ఒక్కసారీ అడ్డురాలేదు.