మంచు తొడుగు

"ఏయ్! ఎవడ్రా అది? చెట్టు ముట్టుకోకు!"

ఎర్మురాత్ కేకకి ఆ సాయంత్రం తోటలో పిట్టలన్నీ లేచిపోయాయి.

ఆపిల్ చెట్టు కింద వంగి ఉన్న ముసలాయన నడుం పట్టుకుని మెల్లగా లేచాడు. డెబ్బై దాటిన మనిషి. వెలిసిపోయిన కోటు, నీలికళ్లు.

ఆయన చేతిలో పూలూ లేవు, కొమ్మా లేదు. కాళ్ల దగ్గర మాత్రం ఒక సాసరు, అందులో గుక్కెడు నీళ్లు.

"ఏంటిది? చేతబడా?"

"కాదు నాయనా. ఈ నీళ్లు ఎప్పుడు గడ్డకడతాయో చూద్దామని. తెల్లవారుజామున మంచుదెబ్బ తగిలేలా ఉంది."

"మే నెల వచ్చేస్తుంటే మంచేంటి?"

"గాలి ఆగిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కొండ మీది చలంతా కిందికే జారుతుంది, చూస్తూండు."

ఎర్మురాత్ తల ఎత్తి పూత వైపు చూశాడు. తోట చేతికొచ్చి ఐదేళ్లు. రెండేళ్లుగా పూత మంచుకే పోతోంది. ఈసారి కూడా పోతే చెట్లు కొట్టేసి, పట్నంవాళ్లకి ఇళ్ల స్థలాలుగా అమ్మేయడమే.

"తడిగడ్డి పొగ పెడతాలే," అన్నాడు పైకి ధీమాగా.

"పొగకి ఆగే చలి కాదిది. పూల మీద నీళ్లు చల్లాలి. చల్లుతూనే ఉండాలి."

"చలికి వణికేవాడి మీద నీళ్లు పోస్తావా తాతా? బాగుంది వైద్యం!"

అప్పటికే భార్య కూల్పాష్ బయటికి వచ్చి అంతా వింటోంది.

"నీళ్లు గడ్డకడితే పూలు చచ్చిపోవా తాతా?" అని అడిగింది.

"గడ్డకట్టేటప్పుడు నీళ్లు తమలో ఉన్న వేడిని వదిలేస్తాయమ్మా. ఆ వేడే పువ్వుని కాస్తుంది. నీళ్లు పడుతున్నంతసేపూ పువ్వు బతుకుతుంది. ఆపావా, అంతే సంగతులు."

"నాకు నమ్మాలనే ఉంది. ఏమయ్యా, కాలవకి దిగువ సగం తోట నాకొదిలెయ్. పై సగం నీ పొగకి."

"నీ ఇష్టం. రేపు ఏడవకు!"

"మీ పేరేంటి తాతా?" అంది కూల్పాష్.

"పేరుదేముంది, ముందు పైపులు లాగు."

తెల్లవారుజామున సాసరు అంచున సన్నటి మంచుగీత పడింది. ముసలాయన పంపు నడిపించాడు. నీళ్లు వానలా పూల మీద పడ్డాయి.

ఆయనా కూల్పాషూ పైపులు పట్టుకుని వరసల మధ్య నడిచారు. చేతులు కొంకర్లు పోతున్నా ఆయన మాటలు ఆపలేదు.

"ఒకప్పుడు ఇలాంటి తెల్లవారుజామున ఊరంతా ఇక్కడే ఉండేదమ్మా. ఆడవాళ్ల పాటలు. బకెట్లతో పాల టీ. శరదృతువులో పండు చంటిపిల్ల తలంత ఉండేది. మంచాల కింద గడ్డిలో పరిచేవాళ్లం. మార్చి దాకా ఇల్లంతా అదే వాసన. మా ఆవిడ ఆ వాసన లేకపోతే నిద్రపట్టదనేది."

కూల్పాష్ నవ్వింది.

"మాది ఉత్తరాన, మైదానంలో ఊరు తాతా. చెట్టన్నది ఎరగం. ఏడాదికోసారి మా మేనమామ రైల్లో ఇక్కడి ఆపిల్ ఒక్కటే తెచ్చేవాడు. మా అమ్మ పదకొండు ముక్కలు కోసేది. తిన్నాక నేను రెండ్రోజులు చెయ్యి కడుక్కునేదాన్ని కాదు."

"అది ఈ తోట పండే అయ్యుంటుంది," అన్నాడు ముసలాయన. ఎందుకో పైపు రెండో చేతిలోకి మార్చుకుని, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

తెల్లారింది.

పొగతో ముఖం నల్లబడ్డ ఎర్మురాత్ కాలవ దాటి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు.

ప్రతి పువ్వూ గాజులాంటి మంచులో బిగుసుకుపోయి ఉంది. కొమ్మలు బరువుకి నేలకి వంగాయి.

"చంపేశావు! నా తోటని చంపేశావు ముసలోడా!"

పంపు ఆపడానికి ఉరికాడు. కూల్పాష్ అడ్డంగా నిలబడింది.

"నన్ను దాటుకుని వెళ్లు, చూస్తాను."

ఎర్మురాత్ వెనక్కి తిరిగి ముసలాయన భుజం పట్టి గేటు వైపు తోశాడు.

"ఫో! మళ్లీ ఈ ఛాయల కనిపించావంటే ఊరుకోను."

ముసలాయన తూలి, తమాయించుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"మంచు దానంతటది కరిగేదాకా ఆపకమ్మా," అని కూల్పాష్‌తో చెప్పి వెళ్లిపోయాడు. ఆమె కాచిన టీ అలాగే ఉండిపోయింది.

ఎండెక్కింది. మంచు బొట్లుబొట్లుగా రాలింది. కూల్పాష్ ఒక పువ్వు విప్పి చూసింది. లోపల పచ్చగా ఉంది.

మూడోరోజుకి పొగ పెట్టిన పై సగంలో పూలు గోధుమరంగు తిరిగి రాలిపోయాయి. కింది సగంలో తేనెటీగల రొద.

ఎర్మురాత్ కింది సగమంతా తిరిగి చూశాడు. ముసలాయన కోసం వేడి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని బస్టాండుకి నడిచాడు.

అక్కడ రైఖాన్ అనే ముసలమ్మ పొయ్యి దగ్గర మాంసం కూరిన సంసా రొట్టెలు కాలుస్తోంది. ముప్పై ఏళ్లుగా అక్కడే అమ్ముతోంది.

"అవ్వా, మొన్న నీలికళ్ల పెద్దాయన ఒకాయన ఇటొచ్చాడా?"

"యాకోబా? ఎవరో తెలీనట్టు అడుగుతావేంటి! నువ్వుండే తోట వేసిందే ఆయన. యుద్ధంలో శత్రుజాతని సర్కారు రైళ్లకెక్కించి ఇక్కడికి తోలేసిన జర్మన్ల పిల్లాడు. నలభై ఏళ్లు ఆ చెట్లే లోకం."

"ఇప్పుడెక్కడుంటాడు?"

"ఎవరికి తెలుసు! పెళ్లానికి జబ్బు చేస్తే పట్నం తీసుకెళ్లాడు. రెండేళ్లకి ఆవిణ్ణి మట్టిచేసి తిరిగొచ్చాడు. ఈలోపల ఊరి ఉమ్మడి తోటని అందులో పనిచేసినవాళ్లకి పంచేశారు. జాబితాలో ఆయన పేరు పక్కన 'చనిపోయాడు' అని రాసుందట. నిక్షేపంలాంటి మనిషిని!"

"మరి... గొడవ పెట్టలేదా?"

"చెట్లు బతికుంటే చాల్లే అన్నాడు. ఏటా పూతప్పుడు వచ్చి కంచె బయటినించి చూసి పోతాడు. మొన్న బస్సెక్కుతూ మాత్రం, కాళ్లు పడిపోతున్నాయి, ఇదే ఆఖరుసారి రైఖాన్, అన్నాడు."

ఆమె సంసా ఒకటి కాగితంలో పెట్టి చాచింది.

"అదేంటి, అలా పాలిపోయావు? తిను, వేడిగా ఉంది."

ఎర్మురాత్ అందుకోలేదు.

ఐదేళ్ల కిందట ఆ పేరు పక్కన ఆ ఒక్క మాట రాసి, ఆ తోటని తన పేర చేసుకున్న గుమాస్తా అతనే.