నాచు గోడ

పొద్దున లేచేసరికి చేపల తొట్టిలో ఒక గప్పీ చేప వెల్లకిలా తేలి ఉంది.

రాజమణి దాన్ని గరిటెతో తీసి, ఎవరూ చూడకుండా పూలకుండీలో పాతిపెట్టింది.

నిన్నటికి ఎనిమిది. ఇప్పుడు ఏడు.

మనవరాలు పూనం గుండెలో చిల్లు. ఎల్లుండి ముంబైలో ఆపరేషన్. కొడుకు పంకజ్, కోడలు కళ పాపతో ఆసుపత్రిలోనే ఉన్నారు. కళ పుట్టింటివాళ్లు పెళ్లినాడే తెగతెంపులు చేసుకున్నారు. ఈ పదేళ్లలో ఒక్కరూ గడప తొక్కలేదు. నార్పోలి వాడలోని ఈ ఒంటిగది ఖోలీలో రాజమణి, ఆ చేపలు మిగిలాయి.

వెళ్లేముందు పాప ఆమెను తొట్టి ముందు కూర్చోబెట్టి మరీ, ఒక్క చేపా చావకూడదని చెప్పింది.

"బాపమ్మా, నేనొచ్చేదాక ఏక్ భీ మచ్ఛీ మర్‌నా నై. గోడ మొత్తం పచ్చగ కావాలె."

గోడంటే నాచు గోడ. పంకజ్ ఫోనులో చూసి కట్టాడు. రెండు ప్లాస్టిక్ జాలీల నడుమ నాచు పరిచి, తాను బట్ట నేసే సాంచాల కార్ఖానా దారంతో చుట్టూ కుట్టి, తొట్టి వెనక అద్దానికి ఆనించాడు. నాచు కన్నాల్లోంచి పెరిగి గోడంతా కమ్ముతుందట.

నాచు పెరగలేదు. నాలుగు రోజుల్లో నీళ్లే పాలలా తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

చేపలు పోతే పాప కూడా... ఆ మాట పూర్తిగా అనుకోవడానికే రాజమణికి భయం. భర్త, పెద్దకొడుకు ఆసుపత్రికి నడిచే వెళ్లారు. ఇద్దరూ నడిచి రాలేదు.

సాయంత్రం ఫోనులో పాప అడిగితే, ఎనిమిదీ బాగున్నాయని చెప్పింది.

మర్నాడు గుమ్మంలో ఎవరో ముసలాయన నిలబడి తొట్టి వైపే చూస్తున్నాడు.

"పాపకు ఆపరేషన్ రేపేనా, అమ్మా?"

ముఖం తెలియని మనిషికి ఈ సంగతి ఎలా తెలిసింది?

"మా పాప ముచ్చట నీకెందుకయ్యా?"

ఆయన ఒక్కసారి ఆ నీళ్లు చూస్తానన్నాడు. ఆమె తలుపు వేసేసింది. చీకటిపడే వేళ తలుపు సందులోంచి చూస్తే ఎదురు మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. పాప ప్రాణం కోసమే కాచుకున్నాడనిపించింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే నల్లా నీళ్లొచ్చాయి. బిందె నింపుకుని వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆయన ఎడమ చేత్తో కత్తెర పట్టుకుని తొట్టి ముందు చతికిలబడి ఉన్నాడు. జాలీ నేల మీద. పక్కన కోసేసిన దారం కుప్ప. తొట్టి ఖాళీ.

రాజమణి కేక పెట్టింది. పక్క ఖోలీ బుచ్చిరాములు ఉరికొచ్చి ఆయన రెక్క పట్టి బయటికి ఈడ్చాడు.

"ఈ వయసుల చేపల దొంగతనమా, కాకా?"

"నన్ను కొట్టుండ్రి గని, ఆ దారం మళ్ల నీళ్లల్ల ఎయ్యకుండ్రి."

వాడలో ఎవరూ వినలేదు. ఆయన పడి లేచి, వట్టికాళ్లతోనే వెళ్లిపోయాడు.

చెప్పులు గడప బయట పక్కపక్కన విడిచి ఉన్నాయి.

దొంగ చెప్పులు విడిచి వస్తాడా?

రాజమణి లోపలికి చూసింది. మూలనున్న గిన్నెలో, తేట నీళ్లలో, ఏడు చేపలూ తిరుగుతున్నాయి. జాలీ సగం దాకా నైలాన్ దారంతో కొత్తగా కుట్టి ఉంది.

బుచ్చిరాములు కుప్పలోంచి ఒక పోగు తీసి వేళ్లతో నలిపాడు.

"ఇది బీము దారం, చిన్నమ్మా. సాంచ మీద తెగొద్దని గంజి పెడ్తరు. ఆ గంజే నీళ్లల్ల కుళ్లింది. పంకజ్‌కు సోయి లేకపాయె."

ఆమె ఆయన చెప్పులు పట్టుకుని నాకా కూడలి దాకా పరుగెత్తింది. ఆయన కనబడలేదు.

సాయంత్రం కళ ఫోను చేసింది. ఆపరేషన్ మంచిగా అయింది, పాప కళ్లు తెరిచింది.

రాజమణి ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. ఆ మనిషి చూడ్డానికి ఎలా ఉన్నాడని కళ అడిగింది.

"బక్కగ, పొడుగ్గ. పనంత ఎడమ చేత్తోనే. నొసటి మీద కాలిన మచ్చ."



"అత్తమ్మా," అంది కళ, "మా బాపుకు మంచినీళ్లన్న ఇచ్చినవా?"