ఈ వారం నా తప్పు

"ఆ పేజీ ఇప్పుడే, నా కళ్లముందే తీసెయ్!" పెద్ద డాక్టరు బల్ల చరిచాడు.

"తీయను సార్," అంది చిన్న డాక్టరమ్మ.

ఎక్స్‌రే, స్కానింగు విభాగానికి ఆయన అధిపతి. ఆమె ఆయన కింద పనిచేస్తోంది. విచారణకు కూర్చున్న సూపరింటెండెంటమ్మ ఫోనులో ఆ పేజీనే చూస్తోంది. ప్రతి సోమవారం ఒక ఫిల్ము. రోగి పేరు కనబడదు. పైన 'ఈ వారం నా తప్పు' అన్న శీర్షిక, కింద ఆ ఫిల్ములో కంటికి ఆనకుండా పోయిందేమిటో పాఠం. చిన్నచిన్న క్లినిక్కుల డాక్టర్లు నలభై వేల మంది దాన్ని చూసి నేర్చుకుంటున్నారు.

"ఊపిరితిత్తి మూల ఇంత మచ్చ! మొదటి ఏడాది విద్యార్థి అయినా పట్టుకుంటాడు. ఇలాంటివి అరవై, మేడమ్! మన పరువు బజారున పడేసింది."

"తప్పు దాస్తే ఇంకో పదిమంది చేస్తారు సార్. చూపిస్తే మానుకుంటారు."

"నాకే నీతులా? ఇరవై ఏళ్లుగా నిమిషానికో ఫిల్ము చూస్తున్నాను. ఒక్క మాట పడ్డానా?"

పడలేదు. ఆయన్ని మాట అనే ధైర్యం ఆ ఆస్పత్రిలో గోడలకు కూడా లేదు.

సూపరింటెండెంటమ్మ తలెత్తింది. "ఆ రోగుల సంగతేంటమ్మా?"

"అందర్నీ వెతికి పిలిపించాను మేడమ్. జరిగింది చెప్పి వైద్యం మొదలుపెట్టించాను. వాళ్లు సరేనన్నాకే పాఠం పెట్టాను."

"మరి 'నా తప్పు' అని టముకు వేసుకోవడం దేనికి?"

"వేలెత్తి చూపితే నవ్వుతారు తప్ప నేర్చుకోరు. ఎవరో ఒకరు నాది అనాలి కదా."

"ఒప్పేసుకుంది!" పెద్ద డాక్టరు ముఖం వెలిగిపోయింది. "ఉద్యోగం పీకెయ్యడానికి ఇంకేం కావాలి?"

'ఒక్క క్షమాపణతో పోయేదాన్ని పీకల మీదకి తెచ్చుకోకు' అని పొద్దున ఆమె భర్త చెప్పి మరీ పంపాడు. భయం వేసింది, కానీ తల దించలేదు.

"ఉద్యోగం తీసేయండి. వచ్చే సోమవారం మాత్రం పాఠం ఉంటుంది."

"చూశారా పొగరు! మేడమ్, ఆ అరవై అసలు రిపోర్టులూ తెప్పించండి. ఈవిడగారి చూపు ఏపాటిదో తేలిపోవాలి."

"అదొక్కటీ వద్దు సార్." మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

"ఇప్పుడు దారికొచ్చావా? తెప్పించండి మేడమ్!"

రికార్డుల గది నుంచి కట్ట వచ్చింది. సూపరింటెండెంటమ్మ కళ్లజోడు సర్దుకుని మొదటి కాగితం చూసింది. తర్వాత రెండోది, ఆ తర్వాత గబగబా మిగతావన్నీ తిరగేసింది.

అన్నింటి కిందా పెద్ద డాక్టరు సంతకమే ఉంది.