చొక్కా వాసన

సంధ్యారాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఆసుపత్రి స్కానింగ్ గది బయట ఆమె మొగుడు మహిపాల్ గోడకు చేరబడి కూర్చున్నాడు. పని చేసే బట్టల షాపు మెట్ల మీద తూలి పడితే షాపువాళ్లే తెచ్చి ఇక్కడ వదిలి, ఆమెకు ఫోన్ చేసి వెళ్లారు. జేబులోని మందు సీసా పగిలి చొక్కా అంతా తడిసింది. ఒకటే తాగుడు కంపు.

"పొద్దుమీకి నీ చెల్లెను చూడనీకి పెండ్లోళ్లు ఒస్తరు. ఇయ్యాల గూడ తాగినవా?"

మహిపాల్ ఏదో అనబోయాడు. మాట ముద్దగా వచ్చింది.

ఛీ, ఇదీ ఒక మనిషి జన్మేనా అనుకుంది. ఏడాదిగా ఇదే బతుకు. గోడలు పట్టుకుని ఇంటికి రావడం, చేతిలో గ్లాసు జారవిడవడం, మన్సూరాబాద్ కాలనీలో తాగుబోతు పెళ్లామని తనకు పేరు రావడం. అసహ్యంతో అతని పక్క వరండాలో పడేసింది. అన్నం పళ్లెం కాలితో జరిపేది.

డాక్టర్ రామమోహనరావు ఆమెను లోపలికి పిలిచి మెదడు ఫోటోలు చూపించాడు. అక్కడక్కడా తెల్లని మచ్చలున్నాయి.

"నరాల మీద పొర ఊడిపోతోందమ్మా. మెదడు చెప్పింది కాళ్లకీ, నాలుకకీ సరిగ్గా అందట్లేదు. ఈ నరాల దారి చూడండి, నిరుడు తీసినప్పుడు ఇంత దెబ్బతినలేదు."

"నిరుడా?" అంది సంధ్యారాణి.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారనీ, ఏడాదిగా తన దగ్గరే చూపించుకుంటున్నాడనీ ఆయన చెప్పాడు. తాగుడు వల్ల వచ్చిందా అని అడిగితే వింతగా చూశాడు.

"తాగుడేంటమ్మా? అతని రక్తంలో చుక్క మందు లేదు. వాసనంతా చొక్కాదే."

బయటికొచ్చి ఆమె మొగుడి ముందు నిలబడింది. ఆమె చేతిలో స్కానింగ్ కవరుంది. మహిపాల్‌కు అర్థమైంది. మాటమాటా కూడబలుక్కుని చెప్పాడు.

"రోజూ మందు చొక్కా మీద చల్లుకునేది. అన్న తాగుబోతయితే చెల్లెను చేసుకుంటరు సంధ్యా. నరాల రోగమున్న ఇంట్ల ఎవడు చేసుకుంటడు?"

"నీ చెల్లెకు ఒస్తదని ఏం లేదు గదా."

"గా మాట ఒచ్చినోళ్లకు ఎవలు చెప్తరు?"

ఆటోలో ఎల్బీ నగర్ చౌరస్తా దాటేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. కాలితో పళ్లెం జరిపిన తన మీద తనకే రోత పుట్టింది. తాగుబోతుతో వియ్యమందుకుని, రోగిని చూసి పారిపోయే మనుషుల మీద అంతకన్నా రోత పుట్టింది. ఇంటికి పోగానే ఉన్నదున్నట్టు అందరి ముందూ చెప్పేస్తానంది. మహిపాల్ వద్దని చెయ్యి పట్టుకున్నా వినలేదు.

మీర్‌పేట్ నుంచి పెళ్లివాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. కొత్త చీరలో మహిపాల్ చెల్లెలు విజయశ్రీ చాయ్ అందిస్తోంది. ఆ ముఖంలో ఎన్నడూ లేని వెలుగు. మహిపాల్ కాలు గడప దాటలేక తట్టుకుంది. గడపలోనే కూలబడ్డాడు.

పిల్లవాడి తల్లి సైదమ్మ చాయ్ కింద పెట్టింది.

"ఏందమ్మా, మీ ఆయనకు కాళ్లు ఆడ్తలేవా? ఏమన్న రోగమా?"

విజయశ్రీ అన్నను లేపబోయి వదిన ముఖంలోకి చూసింది. సంధ్యారాణి స్కానింగ్ కవరు వీపు వెనక్కి పెట్టుకుంది. రెండో చేత్తో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"రోగమేంది పెద్దమ్మా, మల్ల తాగొచ్చిండు."