మొదటి చుక్క

చల్లారితే మైనం రంగు మారుతుంది. అందుకే అక్క పోలికతో మైనపు బొమ్మ చేస్తున్న తమ్ముడు, రంగు కలిపిన ఒక్కో చుక్కనీ అక్క మణికట్టు మీద ఆరనిచ్చి, ఆమె చర్మంతో పోల్చి చూస్తున్నాడు. చీకటి పడేసరికే మొదటి చుక్క ఆమె గులాబీ ఛాయలో అచ్చంగా కలిసిపోయింది. అయినా చాదస్తం కొద్దీ అదే గిన్నెలోంచి ఇంకో చుక్క వేశాడు. అది ఎర్రగా తేలింది. చిటికెడు నీలం కలిపాడు. మూడోదీ ఎర్రగానే ఉంది.

"నీకు ఎంత చేసినా తృప్తి ఉండదు కదరా," అని అక్క నెమ్మదిగా నవ్వింది.

మళ్లీ నీలం కలిపాడు. కాస్త బూడిద రంగు కూడా వేశాడు. ఈసారి సరిగ్గా కలిసింది.

"కుదిరింది అక్కా!"

అక్క పలకలేదు. కునుకు పట్టిందేమో అనుకున్నాడు. మొదటి చుక్క మాత్రం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. ఒలుద్దామని వేలు ఆనించాడు.

అక్క చెయ్యి మంచులా ఉంది. చుక్క వెచ్చగా ఉంది. నాడిలా కొట్టుకుంటోంది.