ఆరు పూల పేరు

ఈ కార్డుపై రాస్తున్న నా తెలుగు పేలవమైనది, మన్నించండి. రాత్రిబడిలో నేర్చి పట్టా పొందిన చెక్కడపు పనికి మాత్రం నేను ఇంతవరకు ఎవరినీ మన్నింపు అడగలేదు.

ద్రోహోబిచ్ ఊరిలోని నా దుకాణం తలుపును మెలానియా కాలితో తన్ని వచ్చి, రాగిరేకును బల్లపై విసిరింది. యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన ఆమె కొడుకు నజార్ పాచికల పెట్టె మూతకు బిగించవలసిన రేకు అది. అతనికి ఇష్టమైన మాయాలోకపు కథల తీరులో, మా ఉక్రేనియన్ అక్షరాలతో అతని పేరు తీర్చాను. మొదటి అక్షరం నుండి పూలతీగ పాకుతుంది. చివరి అక్షరం డ్రాగన్ తోకగా ముగుస్తుంది.

“పూలు లెక్కపెట్టరా, గుడ్డి సచ్చినోడా! ఆరు! సరిసంఖ్య పూలు శవానికి పెడతారని తెలీదూ? బతికున్న నా కొడుకుని పాతిపెడతావా?”

“పొరపాటైందమ్మా.”

“పొరపాటంట! గోడకి తగిలించుకున్న ఆ పట్టాతో పొయ్యి అంటించుకో!”

అక్కడికక్కడే ఏడవ పువ్వు చెక్కాను. కూర్పు చెడింది. ఆమె పూలన్నిటినీ వేలితో తడిమి చూసుకొని, నా గుమ్మంపై ఉమ్మి వెళ్లిపోయింది.

నమూనాలో నేను ఏడే గీశాను. ఒకటి తీసివేయమన్నది ఆమె తెలుగు కోడలు, నజార్ భార్య.

“ఆయనతో ఉన్న సైనికుడు ఫోన్ చేశాడు, మేస్త్రీ. అత్తయ్యకి చెప్పడానికి నాకు నోరు రావట్లేదు.”

ఈ కార్డు ఇక ఆ కోడలికి చేరాలి. మెలానియాకు దీన్ని ఎప్పుడు చదివి చెప్పాలో ఆమే నిర్ణయించాలి. అంతవరకు ఈ ఊరిలో పూల లెక్క తెలియనివాణ్ణి నేనే.