ఒకే అచ్చులో పోసిన గుండ్లు

బావమరిది గుండ్లు కాజెయ్యాలని సీతారాం ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటూ తేల్చుకున్నాడు.

డెబ్భై ఏళ్ల మనిషి. అంతవరకూ ఒకరి అరటిపండు కూడా అడక్కుండా ముట్టినవాడు కాదు. కానీ ఇదే ఆఖరి పోటీ. కుడికంటికి పొర కమ్ముతోంది, వచ్చే ఏడాది నుంచి తుపాకీ పట్టకూడదని డాక్టరు చెప్పేశాడు.

వాళ్ల షూటింగ్ క్లబ్బు మలేసియాలోని సుంగై పెటాని ఊరి శివార్లలో, రబ్బరు చెట్లు కొట్టేసిన పాత తోటలో ఉంది. ఏడాదికోసారి అక్కడ పెద్ద గొట్టం రైఫిళ్ల పోటీ పెడతారు. పాతకాలపు తుపాకులు. మందూ గుండూ మూతి నుంచే దట్టించాలి. తుపాకీ క్లబ్బుది, మందు క్లబ్బుది. పది సీసపు గుండ్లు మాత్రం ఎవరికి వాళ్లే క్లబ్బు షెడ్డులో పోసుకోవాలి.

తొమ్మిదేళ్లుగా కప్పు మణియందే. మణియం అంటే సీతారాం పెళ్లాం పుష్పవల్లికి సొంత తమ్ముడు. గెలిచినవాడు కప్పు అలమరాలో పెట్టుకుని ఊరుకోవచ్చు కదా. సీతారాం ఎప్పుడు వెళ్లినా టీ అందులోనే పోసి ఇచ్చేవాడు. రెండు చెవుల కప్పులో టీ తాగడం ఎంత కష్టమో తాగినవాడికే తెలుసు. ముక్కు మునుగుతుంది.

సీతారాంకి అంతుపట్టనిది ఒకటే. క్లబ్బులో ఉన్నది ఒక్కటే అచ్చు, ఇద్దరి గుండ్లూ అందులోవే. సీతారాం ముందు అచ్చును బాగా వేడెక్కించేవాడు. సీసంలో కాస్త తగరం కలిపి, పైన తేలిన మడ్డి తీసి, ఒక్కొక్కటే పోసేవాడు. ముడత పడ్డదాన్నల్లా మళ్లీ కరిగించేవాడు. అడుగు అంచు చదునుగా ఉందా అని వెలుతురుకి పెట్టి చూసి, త్రాసులో తూచి, వందలో పది ఏరుకునేవాడు. మణియం చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, చల్లటి అచ్చులోనే గబగబా పోసేసి పదిహేను నిమిషాల్లో వెళ్లిపోయేవాడు.

అయినా మణియం కాలిస్తే బోర్డు మధ్య నల్లచుక్కలో. సీతారాం కాలిస్తే ఎక్కడో. ఒక ఏడాది అతని గుండు పక్కవాడి బోర్డులో పడి, వాడికి మూడో బహుమతి తెచ్చింది.

"పోనీ లాహ్, మా తమ్ముడి సెయ్యి అలాటిది. మీరేటి సేస్తారు?" అని పుష్పవల్లి ఓదార్చేది. ఆ ఓదార్పు కంటే కప్పులో టీయే నయం.

మణియం సీసంలో ఏదో కలుపుతూ ఉండాలి. అడిగితే నవ్వుతాడు, చెప్పడు. ఇక దొంగతనం తప్ప దారి లేదు.

ఆ ఆదివారం పోటీ దగ్గర గుండ్ల డబ్బాలన్నీ పేర్లు అంటించి ఒక బల్ల మీద వరసగా పెట్టారు. పోటీ నడిపే వసంతన్ తుపాకులు తనిఖీ చేస్తుంటే అందరూ అటు మూగారు. సీతారాం బల్ల దగ్గరికి జారుకున్నాడు. మణియం డబ్బాలోవి పదీ జేబులోకి, తనవి పదీ మణియం డబ్బాలోకి, జేబులోవి తన డబ్బాలోకి. గొట్టంలో జారడానికి మైనం పూశాక ఏది ఎవరిదో పోసినవాడు కూడా పోల్చుకోలేడు. అంతా కలిపి అర నిమిషం పని. 

మొదటి గుండు నల్లచుక్కలో పడింది. రెండోదీ అక్కడే. పదీ అయ్యేసరికి వందకి తొంభై నాలుగు.

మణియంకి నలభై ఒకటి. ఒక గుండు బోర్డుల వెనకున్న మట్టిగట్టు దాటి పక్క తోటలోకి పోయింది. అతను ఖాళీ డబ్బా ఎత్తి లోపలికి చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తి చూశాడు.

సీతారాం కప్పు అందుకున్నాడు. ఫొటోకి నవ్వాడు కూడా. అప్పుడు వసంతన్ మైకు పట్టుకుని, ఇంత తిన్నగా పోయే గుండ్లు తన జన్మలో చూడలేదనీ, వచ్చే ఆదివారం సీతారాం అన్నయ్య షెడ్డులో అందరికీ గుండ్లు పొయ్యడం నేర్పుతాడనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. సీతారాం నవ్వు సగంలోనే ఎండిపోయింది.

ఏం నేర్పుతాడు? తనకు తెలిసిన విద్య తొమ్మిదేళ్లు ఓడిన విద్య. అది నేర్పి, వాళ్ల గుండ్లు కూడా వంకరగా పోతే, కప్పు తెచ్చినవి ఎవరి గుండ్లని ఎవరో ఒకరు అడగరా? క్లబ్బు వాట్సాప్‌లో అప్పుడే ఇరవై ముగ్గురు వస్తామన్నారు. ఒకాయన నోటుపుస్తకం కొన్నానని ఫొటో పెట్టాడు.

వారం రోజులు అన్నం సయించలేదు. శనివారం మధ్యాహ్నం కప్పు చంకన పెట్టుకుని మణియం ఇంటికి నడిచాడు. మణియం ఆ వేళ టీ మామూలు గ్లాసులో ఇచ్చాడు. అది చూసి సీతారాంకి ఇంకా సిగ్గేసింది.

"నేను కాల్చినవి నీ గుండ్లురా మణియం. వసంతన్ తుపాకులు సూస్తున్నప్పుడు మార్చేసినాను. కప్పు నువ్వే ఉంచుకో. నువ్వు ఎలా పోస్తావో మాత్రం సెప్పు, రేపు నా పరువు దక్కితే సాలు."

మణియం మొహం తెల్లబడింది. కొడతాడేమోనని సీతారాం కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. మణియం లేచి, వంటింట్లో ఉన్న పెళ్లాం యోగేశ్వరికి వినబడకుండా తలుపు మూసి వచ్చాడు.

"నా డబ్బాలోవి పదీ తీసినావా?"

"పదీ తీసినాను."

 మణియం కప్పును రెండు చేతులతో బావ వైపు తోశాడు.

"నాకు గుండ్లు పొయ్యడం ఏనాడూ రాలేదు బావా. నువ్వు కాల్చినవి నువ్వు పోసినవే. నీకంటే ముందే నేనూ మార్చేసినాను, తొమ్మిదేళ్లుగా మారుస్తున్నట్టే."